పన్నెండు నిమిషాల చికెన్

మా బాబాయి రోజూ పొద్దున్నే, పళ్ళు కూడా తోముకోకముందే, పెరట్లోకి వెళ్ళి బార్బెక్యూ పొయ్యిని వేలి కణుపులతో మూడుసార్లు తడతారు. తట్టి, తల ఓ పక్కకి వంచి వింటారు. తర్వాత మూత ఎత్తి లోపలికి ఒకసారి చూసి, మళ్ళీ మూసి, అప్పుడు బ్రష్షు అందుకుంటారు. వాన పడుతుంటే గొడుగు వేసుకుని మరీ తడతారు. ఒకసారి జ్వరంతో లేవలేక మా పిన్నిని పంపించారు.

"ఎలా మోగింది?" అని మంచం మీద నుంచే అడిగారు.

"డబ్బా మోగినట్టే మోగింది," అంది పిన్ని.

ఆ రోజంతా ఆయన పిన్నితో సరిగ్గా మాట్లాడలేదు.

నిజానికి అది డబ్బానే. పాత నూనె డ్రమ్మును నిలువునా రెండుగా కోయించి, పై సగానికి బందులు వేయించి, కింది సగానికి నాలుగు కాళ్ళు అతికించి, వాళ్ళ కంపెనీ వర్క్‌షాపులోని వెల్డరు చేత చేయించుకున్నారు. మూతకున్న పిడి ఒకప్పుడు ఏదో లిఫ్టు తలుపుది. డ్రమ్ము పక్కన ఒక రేకు ముక్క బిగించి, దాని మీద పెయింటుతో 'గరిష్ట భారం: ఎనిమిది మంది' అని రాయించారు. తినేవాళ్ళు ఎనిమిది మందని ఆయన ఉద్దేశం. తెలియనివాళ్ళు చదివి కొంచెం భయపడేవారు.

బాబాయి ఒక లిఫ్టుల కంపెనీలో ఇన్‌స్పెక్టరుగా చేసేవారు. ఊళ్ళో ఏ పెద్ద మేడకి వెళ్ళినా లిఫ్టులో అద్దం పక్కన చిన్న అట్ట ముక్క ఒకటి కనిపిస్తుంది. తనిఖీ చేసిన తేదీ, దాని కింద ఆకుపచ్చ సిరాతో వానపాములా మెలికలు తిరిగిన సంతకం. ఆ వానపాము మా బాబాయిది. లిఫ్టును మోసే ఇనప తాళ్ళను తట్టి, మోతను బట్టి మంచిచెడ్డలు చెప్పగలరని ఆఫీసులో ఆయనకు పేరు. ఆ ఉద్యోగంలో ఉన్న చిక్కు ఏమిటంటే, ఆయన వచ్చారంటే ఆ లిఫ్టు ఆగిపోయిందని అర్థం. కాబట్టి ఇరవై ఏడేళ్ళపాటు ఊరందర్నీ లిఫ్టుల్లో పైకి పంపిస్తూ, తాను మాత్రం మెట్లెక్కి వెళ్ళారు. మోకాళ్ళు అరిగిపోయాయి. ఆయన కుర్చీలోంచి లేస్తే ఆ చప్పుడు పక్క గదిలోకి వినిపించేది. వాటిని మాత్రం ఎప్పుడూ తట్టి చూసుకోలేదు.

వారంలో ఆరు రోజులు ఆయన ఇంట్లో నోట్లో నాలుక లేని మనిషి. ఏది వడ్డిస్తే అది తింటారు, ఏ చొక్కా తీసిస్తే అది తొడుక్కుంటారు. ఏడో రోజున ఏప్రన్ కట్టుకునేసరికి వేరే మనిషి. గొంతు కూడా మారిపోయేది.

"ఆదివారం మా ఇంట్లో వంటింటికి సెలవు," అని వచ్చినవాళ్ళందరితో చెప్పేవారు. "ఆరు రోజులు ఆవిడ వండుతుంది. ఏడో రోజు నేను. ఆడవాళ్ళకి రెస్టు ఉండొద్దా?"

ఆ రెస్టు ఎలా ఉండేదో, వాళ్ళింట్లో ఉండి చదువుకున్న రెండేళ్ళూ దగ్గరుండి చూశాను. మామూలు రోజుల్లో పిన్ని ఏడింటికి లేచేది. సెలవు రోజున ఆరింటికి. చికెన్ కడిగి, ముక్కలకి గాట్లు పెట్టి, వెల్లుల్లి నూరి, నిమ్మకాయలు పిండేది. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, కాప్సికమ్ తరిగి ఊచలకి గుచ్చేది. పళ్ళేలు తుడిచి, పెరట్లో కుర్చీలు వేసి, ఎండ ఎటు తిరుగుతుందో చూసి మళ్ళీ వాటిని జరిపేది. బాబాయి చెయ్యాల్సిందల్లా బొగ్గులు తేవడం, వెలిగించడం, ముక్కల్ని పట్టకారుతో పెట్టి, తిప్పి, తియ్యడం. అందరూ తిని వెళ్ళాక మసిపట్టిన ఊచలు తోమడం మళ్ళీ పిన్ని వంతు. పట్టకారు మాత్రం ఆయనే కడుక్కునేవారు. అది నాజూకైన పనిముట్టట. ఎవరు పడితే వాళ్ళు ముట్టుకుంటే స్ప్రింగు పోతుందట.

ఆయన పద్ధతికి ఇంటాబయటా ఒకటే పేరు: పన్నెండు నిమిషాలు. ఏడు ఇటు, అయిదు అటు. చేతి గడియారం విప్పి ఎడమ అరచేతిలో పెట్టుకుని, కుడిచేతిలో పట్టకారుతో పొయ్యి ముందు నిలబడేవారు. పన్నెండో నిమిషం ముల్లు దాటగానే, "తీస్తున్నా!" అని కేక. ఆ కేకకి పెరట్లో పిచ్చుకలు లేచిపోయేవి. ముక్క కొరికితే ఎముక నుంచి మెత్తగా ఊడి వచ్చేది. ఆ సంగతిలో ఎవరికీ అనుమానం లేదు.

అందరికంటే తక్కువ అనుమానం బాబాయి వాళ్ళ అక్కకి. ఆవిడ ప్రతి ఆదివారం పన్నెండున్నరకి వచ్చి, నీడ ఉన్న కుర్చీ చూసుకుని కూర్చునేది.

"మా తమ్ముడి చెయ్యి పడితే రాయైనా మెత్తబడుతుంది," అనేది మొదటి ముక్క దగ్గర. మూడో ముక్క దగ్గర మా పిన్ని వైపు తిరిగేది. "నీకేం తల్లీ, పెట్టి పుట్టావు. మొగుడు పొగలో మాడిపోతూ వండి పెడుతుంటే చల్లగా కూర్చుని తింటున్నావు."

"అవును వదినా," అనేది పిన్ని, గోళ్ళలోని వెల్లుల్లి వాసన పోయేందుకు నిమ్మచెక్కతో రుద్దుకుంటూ.

అసలు సంగతి వంటింట్లో ఉంది. పదకొండేళ్ళ కిందట, ఆ డ్రమ్ము పెరట్లోకి వచ్చిన మొదటి ఆదివారం, బాబాయి గంటసేపు ఊది ఊది మంట రాజేసి, పైన బొగ్గులా మాడి లోపల నెత్తురు కారుతున్న ముక్కలు వడ్డించారు. అక్కగారు ఒకటి కొరికి, "ఒరే, ఇది ఇంకా కూస్తోందిరా," అంది. అందరూ నవ్వారు. బాబాయీ నవ్వారు. ఆ సాయంత్రం ఆయన పొయ్యి పక్కన ఒక్కరే కూర్చుని కళ్ళు తుడుచుకోవడం పిన్ని కిటికీలోంచి చూసింది. పొయ్యి చల్లారి అప్పటికి రెండు గంటలైంది, పొగ అనుకోవడానికి లేదు.

మరుసటి ఆదివారం ఆయన బొగ్గులకి వెళ్ళినప్పుడు పిన్ని ముక్కలకి ఉప్పు పట్టించి కుక్కర్లో పెట్టి ఒక్క విజిల్ రానిచ్చింది. దించి, ఫ్యాను కింద చల్లార్చి, గుడ్డతో తడి అద్ది, పైన కారం ముద్ద దట్టంగా మెత్తి ఫ్రిజ్‌లో పెట్టింది. ఎర్రటి ముద్ద కింద ముక్క తెల్లబడిన సంగతి కంటికి తెలియదు. చేత్తో పట్టుకుంటే తెలిసేదేమో గానీ, బాబాయి పట్టకారు తప్ప చెయ్యి వాడరు. అలా పన్నెండు నిమిషాల పద్ధతి పుట్టింది.

"ఆ ఒక్క వారానికే అనుకున్నానే," అని పిన్ని నాతో అంది. "ఆయన మనసు కాస్త కుదుటపడ్డాక చెప్పేద్దామనుకున్నా. ఈలోపు నోటు పుస్తకం కొనుక్కొచ్చారు."

ఆ పుస్తకంలో ప్రతి ఆదివారానికీ ఒక పేజీ ఉంది. గాలి ఎటు వీచింది, బొగ్గు ఎలా మోగింది, ఎన్ని నిమిషాలు. చివర 'ఫలితం: సంతృప్తికరం', కింద ఆకుపచ్చ వానపాము. పిన్నికి చెప్పడానికి పేజీ పేజీకీ కష్టమైపోయింది.

పట్టుబడకుండా సాగడానికి బొగ్గుల కొట్టు సాయపడింది. బాబాయి తొమ్మిదింటికి వెళితే పదకొండింటికి గానీ వచ్చేవారు కాదు. అక్కడ స్టూలు వేసుకుని కూర్చుని, ఒక్కో బొగ్గు ముక్కనీ రెండో దానితో తట్టి విని, మోగినవి సంచిలో, మోగనివి పక్కన పెట్టేవారు. ఆయన పక్కన పెట్టినవాటిని కొట్టువాడు తర్వాత వచ్చినవాళ్ళకి అమ్మేవాడు. ఎవరి చికెనూ చెడిపోయినట్టు వినలేదు.

ఒక్కరిది తప్ప. పక్కింట్లో బస్సు కండక్టరుగా చేసి రిటైరైన పెద్దాయన ఉండేవారు. అందరూ ఆయన్ని ఇప్పటికీ కండక్టరు గారనే పిలుస్తారు. బాబాయి దగ్గర పద్ధతంతా పేజీల లెక్కన రాసుకుని వెళ్ళి, చిన్న పొయ్యి కొని, తన ఇంటి పచ్చి చికెన్‌ని నమ్మకంగా పన్నెండు నిమిషాలే కాల్చారు. పైన మాడినంత మేరా తీసేసి తిన్నారట. రెండు రోజులు వాళ్ళింట్లో బాత్‌రూమ్ ఖాళీ లేదు.

"మీ బొగ్గు తేడా అయ్యుంటుంది," అన్నారు బాబాయి గోడ మీదుగా. "తట్టి కొన్నారా?"

"లేదండీ ఇన్‌స్పెక్టర్ గారూ."

"మరి!"

కండక్టరు గారు తన పొయ్యిలో మట్టి పోసి పుదీనా వేశారు. కానీ ముప్ఫై రెండేళ్ళు విజిల్ ఊది బతికిన మనిషి చెవి ఊరుకోదు కదా. వంటింటికి సెలవున్న ఇంట్లోంచి ప్రతి ఆదివారం పదింపావుకి విజిల్ ఒకటి రావడం ఆయన పట్టేశారు.

"ఏమ్మా," అన్నారు ఒకరోజు గోడ అవతల పుదీనాకి నీళ్ళు పోస్తూ, "మా బస్సులో ఒక్క విజిలంటే ఆపమని, రెండంటే పోనిమ్మని. మీ బండేమిటో ఒక్క విజిల్‌కే పోతోంది!"

పిన్ని వేలు పెదవుల మీద పెట్టుకుంది. ఆ రోజు నుంచి మొదటి పళ్ళెం గోడ మీదుగా కండక్టరు గారికే వెళ్ళేది. ఆయన నాలుగేళ్ళు నోరు మెదపలేదు.

ఇలా ఇంకో పదేళ్ళయినా సాగేదే. కానీ ఒక ఆదివారం మేనేజరు గారు భోజనానికి వచ్చారు.

ఆయన బాబాయి కంపెనీకి పెద్ద. మనిషి మంచివాడు, ఒక్కటే బలహీనత, ప్రసంగం. ఏటా కంపెనీ వాళ్ళందరూ పిల్లాపాపలతో మైదానంలో కలిసే రోజున ఆయన పద్నాలుగు పేజీల ప్రసంగం రాసుకుని వచ్చేవారు. ఎనిమిదేళ్ళుగా రెండో పేజీ దాటలేదు. రెండో పేజీలో ఉండగా క్యాటరింగ్ వాళ్ళు మూతలు తీసేవారు, వాసన గుప్పుమనేది, మొదట పిల్లలు, వాళ్ళని పట్టుకునే వంకతో తల్లులు, వాళ్ళని వెతికే వంకతో తండ్రులు లేచిపోయేవారు. మిగిలిన పన్నెండు పేజీల్లో ఏముందో కంపెనీలో ఎవరికీ తెలియదు.

మేనేజరు గారు మా పెరట్లో అయిదు కాళ్ళు తిని, వేళ్ళు నాక్కుని, కుర్చీలో వెనక్కి వాలారు.

"ఏమోయ్, శిక్షణ విభాగంలో పోస్టు ఖాళీ అవుతోంది. విన్నావా?"

బాబాయి విన్నారు. ఆర్నెల్లుగా వేరే ఏమీ వినడంలేదు. ఒక కుర్చీ, ఒక బల్ల, ఒక నల్లబోర్డు. కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెప్పడం. అన్నిటికంటే ముఖ్యం, అది కింది అంతస్తులో ఉంది. ఇంకో ఏడాది మెట్లెక్కితే రెండు మోకాళ్ళూ కోయాల్సిందేనని డాక్టరు చెప్పేశాడు. కోయించుకున్నాక లిఫ్టు గుంతల్లోకి దిగే ఉద్యోగం ఎవరూ ఉంచరు. ఆ పోస్టు కోసం ఇంకో ఇన్‌స్పెక్టరు కూడా కాచుకుని ఉన్నాడు. మేనేజరు గారి ప్రసంగాలు టైపు చేసిపెట్టేది అతనే.

"ఈసారి క్యాటరింగ్ వద్దనుకుంటున్నా," అన్నారు మేనేజరు గారు. "వాళ్ళవల్లే నా ప్రసంగాలు పాడవుతున్నాయి. నువ్వు చెయ్యి. నలభై మంది. చికెన్ కొట్టు నుంచి తిన్నగా మైదానానికే వస్తుంది. నేను ఉపన్యాసం ముగించే ముందు నీకు సైగ చేస్తా. నువ్వు పచ్చి ముక్క పొయ్యి మీద పెట్టడం, పన్నెండు నిమిషాల్లో తియ్యడం అందరూ చూడాలి. తర్వాత మన పోస్టు సంగతి మాట్లాడుకుందాం. సరేనా?"

వంటింట్లో పిన్ని చేతిలోని గరిటె కింద పడింది.

నలభై మంది, అందులో సగం పిల్లలు. పచ్చి చికెన్. కుక్కరు లేని మైదానం. నెల రోజుల గడువు. ఆ రాబోయే దృశ్యం పిన్నికి ఎంత స్పష్టంగా కనిపించిందంటే, ఆ రాత్రి అన్నం కూడా సయించలేదు. మర్నాడు భోజనాల దగ్గర గొంతు సవరించుకుంది.

"ఏమండీ, ఆ చికెన్ గురించి మీకొక సంగతి చెప్పాలి."

"చెప్పు, చెప్పు. అసలు చికెన్‌లో జనానికి తెలియని సంగతి ఏమిటంటే..." అని మొదలుపెట్టి, చేతులు కడుక్కునేదాకా ఆయనే చెప్పారు.

రెండు రోజులాగి మళ్ళీ ప్రయత్నించింది. "మీ పద్ధతిలో ఒక ముక్క మీకు తెలియనిది ఉందండీ."

"నా పద్ధతిలో? నాకు?" బాబాయి నవ్వి, నోటు పుస్తకం తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టారు. "నీకెప్పుడైనా అనుమానం వస్తే ఇది చదువు. అడగడానికి మొహమాటపడకు."

పిన్ని ఆ పుస్తకం పట్టుకుని నా గదిలోకి వచ్చింది. మంచం మీద కూర్చుని మొదటి పేజీ తెరిచి చూసి మూసేసింది.

"నోటితో అయ్యే పని కాదే ఇది," అంది. "ముక్కతోనే చెప్పాలి."

తర్వాతి ఆదివారం తొమ్మిదింటికి బాబాయి బొగ్గులకి వెళ్ళారు. పది అయింది. పదింపావయింది. పిన్ని వంటింట్లో స్టూలు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కుక్కరు అటక మీదే ఉంది. పదకొండేళ్ళలో ఆమె ఆదివారం పూట అలా కూర్చోవడం అదే మొదటిసారి అయ్యుంటుంది. ఎలా కూర్చోవాలో తెలియనట్టుంది. మధ్యలో రెండుసార్లు లేచి, స్టౌ దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి కూర్చుంది.

మధ్యాహ్నం బాబాయి గడియారం విప్పారు. ఏడు ఇటు, అయిదు అటు. "తీస్తున్నా!" అన్నారు. పిచ్చుకలు లేచిపోయాయి. అక్కగారు మామూలుగానే తొలి ముక్క అందుకుని, మామూలుగానే తమ్ముడి చేతిని పొగడటానికి నోరు తెరిచి, కొరికి, ఆగిపోయింది. ముక్కని నోట్లోంచి తీసి పట్టి చూసింది.

"ఒరే," అంది మెల్లగా, "ఇది మళ్ళీ కూస్తోందిరా."

ఎవరూ నవ్వలేదు. బాబాయి పట్టకారుతో ముక్కని తిప్పి చూశారు. ఎముక పక్కన ఎర్రగా ఉంది. గడియారం చెవి దగ్గర పెట్టుకున్నారు. డ్రమ్ము తట్టారు. చెయ్యి కాలింది. సంచిలో మిగిలిన బొగ్గులు రెండు తీసి తట్టారు. మోగాయి.

"గాలి తేడాగా ఉంది," అన్నారు. "తూర్పు గాలి. తూర్పు గాలికి..."

అప్పుడు గోడ మీద కండక్టరు గారి తల కనిపించింది. ఆయన పళ్ళెం ఇంకా రాలేదు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఇవాళ విజిల్ పడలేదండీ," అన్నారు.

"ఏం విజిల్?"

కండక్టరు గారు నాలుక కరుచుకున్నారు. తల గోడ వెనక్కి దిగిపోయింది. పెరట్లో అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"కుక్కర్ విజిలండీ," అంది పిన్ని. "ముక్కలు ముందే ఒక విజిల్ ఉడికించి ఇస్తున్నాను. మీరు బొగ్గులకి వెళ్ళినప్పుడు."

"ఎప్పట్నుంచి?"

"రెండో వారం నుంచి."

"అంటే," అని అక్కగారు కుర్చీలో నిటారుగా కూర్చుంది, "పదకొండేళ్ళు మా తమ్ముణ్ణి మోసం చేశావన్నమాట!"

"పదకొండేళ్ళు మీకు వండి పెట్టాను వదినా," అంది పిన్ని.

అక్కగారు ఇంకేదో అనబోయి, చేతిలోని పచ్చి ముక్కని చూసి, పళ్ళెంలో పెట్టేసి, ఇంటికి వెళ్ళి వండుకోవాలి కాబట్టి లేచింది.

మర్నాడు పొద్దున్న బాబాయి డ్రమ్ము తట్టలేదు. తిన్నగా బ్రష్షు అందుకున్నారు. మంగళవారం కూడా అంతే. పిన్నితో పోట్లాడలేదు, అలగలేదు. పోట్లాడి ఉంటే బాగుండేదని పిన్ని అంది. బుధవారం సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ ఒక సంచి తెచ్చారు. అందులో నాలుగు చికెన్ కాళ్ళు, ఆఫీసులో మోటార్ల వేడి చూసే మీటరు ఉన్నాయి. ఏప్రన్ లేకుండానే పొయ్యి వెలిగించారు. పన్నెండు నిమిషాలకి ఒకటి తీసి, మీటరు పెట్టి చూసి, కోశారు. పచ్చి. పాతికకి రెండోది. పచ్చి. నలభైకి మూడోది. కొంచెం నయం. నాలుగోది మంట తగ్గించి, మూత వేసి, యాభై అయిదు నిమిషాలకి తీశారు. కోసి, పిన్నిని పిలిచి, "చూడు," అన్నారు.

పిన్ని కొరికింది. "ఉడికింది. కాస్త పీచుపీచుగా ఉంది."

బాబాయి నోటు పుస్తకం తీసి 'యాభై అయిదు' అని రాసుకున్నారు. 'ఫలితం' దగ్గర చాలాసేపు ఆగి, 'పీచు' అని రాశారు.

"ఒక్క విజిలేనా?" అని అడిగారు కాసేపటికి.

"ఒక్కటే."

"మంట ఎంత మీద?"

"మధ్యస్థంగా."

అది కూడా రాసుకున్నారు.

ఇక మైదానం సంగతి. పిన్నికి ఉపాయం సిద్ధంగానే ఉంది. కొట్టువాడికి చెప్పి చికెన్ పొద్దున్నే ఇంటికి తెప్పించుకుని, ఇరుగుపొరుగు నాలుగు కుక్కర్లు అడిగి తెచ్చి, అన్నీ ఉడికించి, కారం మెత్తి పంపిస్తానంది. "ఎవరికి తెలుస్తుందండీ? మీకే తెలియలేదు పదకొండేళ్ళు."

"నాకు తెలిసిపోయిందిగా ఇప్పుడు," అన్నారు బాబాయి. "తాడు తెగి ఉందని తెలిసి లిఫ్టుకి సంతకం పెట్టమంటే పెడతానా?"

"మరి మేనేజరు గారికి పన్నెండు నిమిషాలన్నారుగా? పోస్టు?"

బాబాయి కుర్చీలోంచి లేచారు. మోకాళ్ళు మాట్లాడాయి.

మేనేజరు గారిని కలిసి చెప్పేద్దామని ఆ వారంలో రెండుసార్లు ఆయన గది దాకా వెళ్ళారట. ఒకసారి ప్రసంగం రాసుకుంటున్నారు, ఇంకోసారి అద్దం ముందు చదువుకుంటున్నారు. రెండుసార్లూ "తర్వాత, తర్వాత" అన్నారు.

ఆ రోజు మైదానంలో మూడు డ్రమ్ములు పెట్టారు. రెండు వర్క్‌షాపు వెల్డరు అప్పటికప్పుడు చేసినవి. మూడోది మన ఎనిమిది మందిది. నేనూ పిన్నీ రెండో వరసలో కూర్చున్నాం. పదకొండున్నరకి మేనేజరు గారు మైకు ముందుకు వచ్చి కాగితాలు సర్దుకున్నారు. పక్కనే ఆ ప్రసంగం టైపు చేసిన ఇన్‌స్పెక్టరు, పేజీ తిప్పితే తలూపుతూ. రెండో పేజీ మధ్యలో మేనేజరు గారు అలవాటుగా కంగారుపడి బాబాయికి సైగ చేశారు. జనం లేచిపోయేలోపు వడ్డన మొదలైపోవాలని కాబోలు.

బాబాయి ముక్కలు పెట్టారు. పచ్చివి, అందరూ చూస్తుండగానే. మంట తగ్గించి, మూతలు వేసి, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

పన్నెండు నిమిషాలైంది. మేనేజరు గారు ఆశగా అటు చూశారు. బాబాయి అడ్డంగా తలూపారు. మూతలు తియ్యలేదు కాబట్టి వాసన రాలేదు. వాసన రాలేదు కాబట్టి పిల్లలు లేవలేదు. మైదానంలో వేరే తిండి లేదు, దగ్గర్లో కొట్టు లేదు, ముందు లేస్తే వరసలో చోటు పోతుందని ఎవరూ కదల్లేదు. మేనేజరు గారు మూడో పేజీ తిప్పారు. జీవితంలో మొదటిసారి తిప్పారు కాబోలు, వేలు తడబడింది.

నాలుగో పేజీలో ఆయన చిన్నతనం ఉంది. ఆరో పేజీలో ఆయన మొదట ఎక్కిన లిఫ్టు ఉంది. తొమ్మిదో పేజీలో రెండు అంతస్తుల మధ్య ఆగిపోయిన లిఫ్టులో ఆయన గడిపిన మూడు గంటలు ఉన్నాయి. మాకూ మూడు గంటలైనట్టే అనిపించింది. నా వెనకాల ఒకాయన, "వంట చేస్తున్నాడా, పొదుగుతున్నాడా?" అన్నాడు. పిన్ని కొంగు కొస చేతిలో నలుపుతూ కూర్చుంది. ఆమె చూపంతా బాబాయి గడియారం మీదే ఉంది.

పద్నాలుగో పేజీ చివరి వాక్యం చదివి మేనేజరు గారు కాగితాలు దించారు. సరిగ్గా అప్పుడే యాభై అయిదో నిమిషం ముల్లు దాటింది. "తీస్తున్నా!" అన్నారు బాబాయి. మూడు మూతలూ లేచాయి. నలభై మందీ ఒక్కసారి లేచి చప్పట్లు కొట్టారు. అలాంటి చప్పట్లు ఆ మైదానంలో మళ్ళీ వినలేదు. మేనేజరు గారు కళ్ళు తుడుచుకుని, అన్ని వైపులకీ తిరిగి నమస్కారం పెట్టారు.

చికెన్ ఉడికింది. పీచుగా ఉంది. ఆకలి మీద ఎవరూ చూసుకోలేదు.

బాబాయి పళ్ళెం పట్టుకుని తిన్నగా మేనేజరు గారి దగ్గరికి వెళ్ళారు. "సార్, ఒక సంగతి చెప్పాలి. ఆ పన్నెండు నిమిషాలు నావి కావు. మా ఆవిడ ముందే..."

"ఏమోయ్!" మేనేజరు గారు ఆయన భుజం పట్టి ఊపేశారు. "ఎంత తెలివిగలవాడివయ్యా! పన్నెండు నిమిషాల్లో తీసేయగలిగి ఉండి కూడా నా కోసం ఆపావు కదా. ఒక్కడైనా లేచాడా? ఒక్కడు!"

"అది కాదు సార్. ఆ ముక్కలు అంతసేపు..."

"పదో పేజీ ఎలా ఉంది? నిజం చెప్పు."

పిన్ని దూరం నుంచి చూస్తోంది. బాబాయి మళ్ళీ నోరు తెరిచారు. మేనేజరు గారు అప్పటికి పదకొండో పేజీ గురించి చెబుతున్నారు, భోజనాలు ముగిసేదాకా ఆపలేదు. టైపు చేసిన ఇన్‌స్పెక్టరు పక్కనే నిలబడి ఆవలించాడు. అది మేనేజరు గారి కంటపడింది.

ఇంటికి వస్తూ ఆటోలో పిన్ని అడిగింది, "చెప్పారా?"

"రెండుసార్లు మొదలుపెట్టాను. వినిపించుకుంటేగా," అన్నారు బాబాయి విసుగ్గా. "ఏం మనుషులో! ఎదుటివాడిని ఒక్క ముక్క చెప్పనివ్వరు."

పిన్ని రోడ్డు వైపు తిరిగి నవ్వు ఆపుకోబోయింది. ఆపుకోలేకపోయింది. బాబాయి కాసేపు ఆమెని ఎగాదిగా చూసి, నాలుగో మలుపు దగ్గర తానూ మొదలుపెట్టారు.

శిక్షణ విభాగంలో పోస్టు ఆయనకే వచ్చింది. అది జరిగి ఏడాదిన్నర అయింది. కింది అంతస్తులో కుర్చీ, బల్ల, నల్లబోర్డు. లిఫ్టు లేదు, దాని అవసరమూ లేదు. మోకాళ్ళ ఆపరేషను డాక్టరు వాయిదా వేశాడు. డ్రమ్ముని మళ్ళీ రోజూ పొద్దున్నే తడుతున్నారు. నోటు పుస్తకంలో పాత పేజీలు ఒక్కటీ కొట్టెయ్యలేదు గానీ, మొదటి పేజీ పైన ఆకుపచ్చ సిరాతో 'ముందు: ఒక విజిల్, మధ్యస్థ మంట' అని చేర్చారు. కుక్కరు గాస్కెట్ అరిగితే కొత్తది ఆయనే సాగదీసి, తట్టి చూసి తెస్తున్నారు. అక్కగారు మూడు వారాలు అలిగి, నాలుగో వారం పన్నెండున్నరకి వచ్చింది. ఇప్పుడు ఆవిడ మూడో ముక్క దగ్గర ఎవరి వైపూ తిరగదు, నాలుగో ముక్క అందుకుంటుంది. కండక్టరు గారి పళ్ళెం గోడ మీదుగా వెళుతూనే ఉంది.

వచ్చినవాళ్ళతో బాబాయి ఇప్పటికీ అంటారు, ఆదివారం మా ఇంట్లో వంటింటికి సెలవని. మా పిన్ని ఆదివారాలు ఆరింటికి లేస్తుంది.